రాబందు ముందరి నేల

ధర్మవరం,
ఆగస్టు 14, 2006.

ఖాజాసాబ్ మామకు,

రుక్సానా రాసేది. ఫోన్ చేస్తే నీకు వినపడదు. నేను నీ పక్క అంగడాయప్పకు చెప్పి, ఆయప్ప నీ చెవిలో అరిచి చెప్పేలోపల సగం హిందూపురానికి తెలిసిపోతాది. అందుకే ఉత్తరం.

మా ఆయన నలభై దినాల ఫాతిహాకు నువ్వు వచ్చినప్పుడే ఈ మాట అడగాలనుకొన్నా. ఇంటినిండా జనం. అడగలేకపోయినా. ఈ కవర్లో ఒక ఫోటో పెట్టినా చూడు. మా ఆయన టాంజానియా నుంచి రాసిన కడపటి జాబులో వచ్చినాది. దాంట్లో మనుషులు లేరు. ఒక రాబందు ఉండాది. తాము పనిచేసే బోరుబండి నిలిపిన తావుకు అది దినామూ వచ్చి దూరంగా కూర్చుంటాదని రాసినాడు. "చిన్నప్పుడు పెనుకొండ కొండమింద చూసినట్టివే, ఇవి ఇంకా పెద్దవి. మన పక్క లేకుండానే పోయినాయి గదా, ఈడ ఇంకా ఉండాయి. ఎన్నాళ్లుంటాయో తెలీదు. పసులను పట్టుకొనే సింహాల కోసరం చచ్చిన ఆవులో విషం పెడతారంట. ముందు చచ్చేది ఇవేనంట" అని రాసినాడు.

ఆ ఫోటోను నువ్వు పెద్ద పటంగా రాసియ్యాల మామా. గోడకు పెట్టుకుంటా. మా ఆయనను పూడ్చిన మన్ను నేను చూళ్లేదు. చూసేదీ లేదు. ఆ తావుది నా దగ్గర ఉండేది ఈ ఫోటో ఒకటే.

నాకూ మా అత్త జమ్రూద్‌కూ ఇప్పుడు ఇల్లు మరీ పెద్దదైపోయినాది. పగలంతా నేను మగ్గాలోళ్ల ఇంట్లో కండెలు చుట్టేదానికి పోతా. పొద్దు గూకి ఇంటికొస్తే ఆమె మొదలు పెడతాది, "నా కొడుకుది దిక్కులేని చావాయెనే" అని. జ్వరంతో పడున్నోణ్ణి గుడారంలో విడిచిపెట్టి బోరుబండి ఇంకో ఊరికి పోయిందనే మాట ఆమె చెవిన పడినాది. ఒక్కడే పడి చచ్చిపోయినాడని ఆమె మనసులో కుదురుకొనింది. నేను కాదని చెప్పలేను, అవునని ఒప్పుకోలేను.

ఫోటోలో ఎట్లుంటే అట్ల రాయి మామా.

రుక్సానా


హిందూపురం,
సెప్టెంబరు 3, 2006.

అమ్మా రుక్సానా,

కవరు మందంగా ఉంటే మీ ఆయన మసూద్ ఫోటో పంపినావేమోనని విప్పడానికి భయపడినాను. పక్షిని చూసి నిమ్మళమైంది. ఆ పిల్లోని ముఖం రాసేదానికి నాకు చెయ్యి ఆడదు.

తప్పకుండా రాస్తాను. నాకు ఇప్పుడు వేరే పనులేం లేవు. చచ్చినోళ్ల పటాలు రాసి బతికినోణ్ణి గదా. ఇప్పుడు మనిషి పోయిన సాయంత్రానికే ఫ్లెక్సీ వచ్చేస్తాండాది, దండ కూడా దాంట్లోనే అచ్చు కొట్టిస్తారు. మొన్న ఎల్లమ్మ అనే ఆమె వచ్చింది. మొగుని ఫ్లెక్సీ ఎండకు తెల్లబడిపోయిందంట, రంగుల్తో పటం రాయాల, ఎన్నాళ్లు పడుతుందని అడిగింది. నెల అవుతుందన్నాను. "నెలకు నేనే ఉంటానో లేదో, అప్పుడు రెండూ ఒకేసారి రాద్దువులేప్పా" అని నవ్వుకుంటా పోయింది. మళ్లా రాలేదు.

నా పెండ్లాం కాలం చేసినాక నేను అంగట్లోనే పండుకుంటున్నాను. ఇంటికి పోయేదెందుకు. ఈడైతే పటాల్లో ముఖాలైనా ఉంటాయి, కొందరు తీసుకొని పోకుండా వదిలేసినారు.

నీ ఫోటో చాలా చిన్నది, పక్షి మెడ దగ్గర మసగ్గా ఉంది. రాబందును నేను దగ్గర నుంచి చూసి చానా కాలమైంది. నా చిన్నతనంలో పెనుకొండలో గొడ్డు చస్తే ఊరి బయట ఈడ్చేసేవాళ్లు. ఆకాశంలో ఒక్కటి కూడా కనపడేది కాదు, ఎట్లా తెలిసేదో, చూస్తుండగానే దిగేవి. మధ్యాహ్నానికి ఎముకలు తెల్లగా మిగిలేవి. వాసన కూడా ఉండేది కాదు. మేము రాళ్లేసి తరిమేవాళ్లం. అవి మమ్మల్ని లెక్క చేసేవి కాదు. ఒకసారి పెనుకొండకు పోయి చూసొస్తాను. మెడ ఎట్ల నిలుపుతుందో తెలిస్తే గాని చెయ్యి కదలదు.

ఖాజాసాబ్


పెనుకొండ,
అక్టోబరు 8, 2006.

అమ్మా,

బస్టాండు దగ్గర నారాయణమ్మ టీ అంగట్లో కూర్చొని రాస్తున్నాను. ప్యాసింజరు రైలుకు ఇంకా టైముంది.

కొండ సగం ఎక్కినాను. మోకాళ్లు ఒప్పుకోలేదు. పడమటి పక్క ఆ నిలువు బండ ఉంది గదా, దాని మింద తెల్లటి చారలు ఇంకా ఉన్నాయి. తరాల తరబడి అవి కూర్చొని రెట్టలు వేసిన చారలు. వాన కూడా కడగలేదు. పక్షి ఒక్కటీ లేదు.

ఓబుళప్ప అని గొర్రెలాయన ఒకడు కనపడితే, రాబందులు యాడికి పోయినాయప్పా అని అడిగినాను. నా చెవుల సంగతి తెలీక చానాసేపు ఏదో చెప్పినాడు. నేను తలాడించక పోయేసరికి అర్థమై, కర్ర కింద పెట్టి, రెండు చేతులూ రెక్కల మాదిరి చాపి గుండ్రంగా ఒక చుట్టు తిరిగినాడు. తర్వాత చేతులు కిందికి దించి, ఖాళీ అరచేతులు నాకు చూపించినాడు. అంతే. మళ్లా గొర్రెల దగ్గరికి పోయినాడు.

కొండ కింద వంకలో ఒక ఎనుము చచ్చి పడి ఉంది. కుక్కలు పీకుతున్నాయి. ఉబ్బిపోయి ఉంది, రోడ్డు దాకా కంపు. ఎన్ని దినాలైందో.

మెడ సంగతి తెలియలేదు. నాకు గుర్తున్నట్టు రాస్తాను. ఈ నెలాఖరుకు అవుతుంది. హిందూపురం నుంచి చీరలకని మీ ఊరికి వచ్చే రాజశేఖర్ చేత పంపిస్తాను.

ఖాజాసాబ్


ధర్మవరం,
నవంబరు 12, 2006.

మామకు,

రాజశేఖరన్న పటం తెచ్చిచ్చినాడు. గుడ్డ విప్పేటప్పుడు వీధిలో నలుగురు చేరినారు. ఎదురింటి నీలావతక్క, "ఇదేం పక్షే, పెండ్లికొడుకు మాదిరి ఉండాది" అనింది. ఇంకొకామె గరుత్మంతుడనుకొని దండం పెట్టబోయింది. సాయిబుల ఇంటికి గరుత్మంతుడు యాడ నుంచి వచ్చినాడే అని అందరూ నవ్వినారు.

పటం చానా బాగుండాది. నువ్వు కష్టపడినట్టు తెలుస్తాండాది. ఇంకా తగిలించలేదు. మేకు కొట్టేదానికి మేస్త్రీ దొరకలా.

చలి మొదలైంది, ఆ అంగట్లో కింద పండుకోవద్దు.

రుక్సానా


హిందూపురం,
డిసెంబరు 2, 2006.

అమ్మా రుక్సానా,

ఒక మేకు కొట్టడానికి మేస్త్రీ ఎందుకమ్మా. నీకు పటం నచ్చలేదు. ఆ మాట రాసేదానికి నీకు మనసు రాలేదు.

నేను చేసింది నేనే చెబుతాను. మా ఉస్తాద్ నాకు నేర్పింది ఒకటే. పోయిన మనిషి పటం ఇంట్లో ఉండేది చూసేవాళ్ల నిమ్మళం కోసం. ముడతలు తీసెయ్యి. బట్టతల ఉంటే జుట్టు పెట్టు. చినిగిన అంగీ ఉంటే కోటు తొడుగు. వెనకాల గోడ బాగలేకపోతే నీలం రంగు పూసెయ్యి. ఫోటోలో నీడ పడి ఉంటే మాత్రం తప్పకుండా తుడిచెయ్యి, పోయినోళ్లకు నీడ ఉండకూడదు అనేవాడు. బతుకంతా అట్లే రాసినాను. ఎవ్వరూ వద్దనలేదు. బట్టతలాయనకు నొక్కుల జుట్టు పెడితే ఆయన పెండ్లాం నా చేతులు కండ్లకద్దుకొనింది.

నీ పక్షికీ అదే చేసినాను. బోడి మెడ చూడడానికి బాగలేదని ఈకలు కప్పినాను. ముఖం మింద ఎర్రటి ముడతలు తగ్గించినాను. నేల తీసేసి నీలం పూసినాను. ముందర పొడుగ్గా నీడ పడి ఉంటే అదీ తుడిచేసినాను.

దీంట్లో నీకు ఏది తక్కువైంది? రాయి. చెవిటోణ్ణి. రాస్తేనే నాకు తెలిసేది.

ఖాజాసాబ్


ధర్మవరం,
డిసెంబరు 19, 2006.

మామా,

కోపం చేసుకోవద్దు. అడిగినావు కాబట్టి రాస్తాండా.

పక్షికి మెడ బోడిగా ఉంటేనే అది ఆ పక్షి. పీనుగులో తల పెట్టి తినేదానికి మెడన ఈకలుంటే నెత్తురు అంటుకుంటాదని, అందుకే దేవుడు దానికి ఈకలు పెట్టలేదని ఆయప్ప రాసినాడు. నువ్వు ఈకలు పెడితే అది తినలేదు మామా, చచ్చిపోతాది.

నేల తీసెయ్యొద్దు. ఎర్రగా, మన రొళ్ల ఊరి పక్క చేన్ల మాదిరే ఉండాది. ఆయప్ప ఉండేది ఆ మన్నులోనే. నీలం నాకెందుకు?

ఇంకొకటి. నువ్వు తుడిచేసిన నీడ. ఫోటో తీసేటప్పుడు ఎండ వెనక నుంచి కొట్టి, తీసే మనిషి నీడ నేలమింద పొడుగ్గా పక్షి కాళ్ల దాకా పడినాది. అది నాకు కావాల. పక్షి కంటే ముందు అది కావాల. ఎందుకని అడగొద్దు.

పటం రాజశేఖరన్న చేత వాపసు పంపుతాండా. ఆయన దాన్ని చంకన పెట్టుకొని, "అటూ ఇటూ తిరిగేదానికి ఈ పక్షికి రెక్కలెందుకు, నేనుండాను గదా" అంటాండాడు.

రుక్సానా


హిందూపురం,
జనవరి 28, 2007.

అమ్మా రుక్సానా,

నీలం అంతా గీకేసినాను. పక్షిని మళ్లా మొదటి నుంచి రాసినాను. ఈసారి భూతద్దం పెట్టి ఫోటో చూసినాను. మెడ మింద తోలు మడతలు మడతలుగా వేలాడుతోంది. తల మాంసం రంగు. ముక్కు గొడ్డలి మాదిరి. ఇన్ని ముడతలు నేను ఏ మనిషికీ రాయలేదు. ఒక్కొక్క మడత రాస్తుంటే చెయ్యి తుడిచెయ్యమంటుంది, నేను వద్దంటాను. అట్ల నాకూ నా చేతికీ నెల దినాలు గొడవ. అయినాక చూస్తే అంత వికారంగా ఏమీ లేదు. ఎవరి కోసమో కాచుకొని కూర్చున్న ముసలి మనిషి మాదిరి ఉంది.

నేలకు ఎర్రమట్టి నిజంగానే కొంచెం కలిపినాను.

నీడ ఎందుకు అడిగినావో అర్థమైంది. నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. మసూద్ ముఖం రాయమని అడగలేక, వాని నీడ అడిగినావు. నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఫోటోలో ఆ నీడ సరిగ్గా లేదు. తల చుట్టూ పళ్లెం మాదిరి ఏదో ఉంది, భుజాలు మరీ వెడల్పు. ఎండ వాలినప్పుడు నీడలు అట్లే సాగిపోతాయి. అందుకని దాన్ని సరి చేసినాను. మసూద్‌ను వాడు నిక్కరు వేసుకొనే కాడి నుంచి చూసినోణ్ణి. వాని భుజాలు, వాని మెడ, వాడు నిలబడే తీరు నాకు తెలుసు. ఆ నీడను మసూద్ నీడగానే నిలబెట్టినాను. చూస్తే నీకే తెలుస్తుంది.

ఖాజాసాబ్


ధర్మవరం,
ఫిబ్రవరి 20, 2007.

మామా,

పటం చూసినా.

ఎడమ భుజం ఒక రవ్వ దిగి ఉండాది. బోరు పైపులు మోసి మోసి ఆయప్పకు అట్లయింది. నాకు తప్ప ఇంకెవరికీ తెలీదనుకున్నా. నువ్వు చూసినావు. పనికి పోకుండా దాని ముందరే కూర్చున్నా. తర్వాత లేచి దాన్ని గోడ పక్కకు తిప్పి పెట్టినా.

అది ఆయప్ప నీడ కాదు మామా. ఆయప్ప దగ్గర కెమెరా యాడిది? ఫోటో తీసింది ఇంకొక మనిషి. ఆ పళ్లెం మాదిరి ఉండేది టోపీ.

ఆ ఊరాయప్పనే, బోరుబండి సామాన్లకు కావలి. ఎవరో దొర పోతా పోతా పాత కెమెరా ఇచ్చిపోయినాడంట. మా ఆయన జాబుల్లో ఈ మనిషి మాటే ఎక్కువ. "వాని పేరు నాకు నోరు తిరగదు, నా పేరు వానికి తిరగదు. టోపీ అంటే పలుకుతాడు. మన ఉప్పుడు పిండి చేసి పెడితే సగం తిని సగం వాళ్లమ్మకని మూట కట్టుకున్నాడు" అని ఒకసారి. "పొద్దు గూకితే ఇద్దరం ఆ పక్షిని చూస్తా కూర్చుంటాం, మాటలు రావు కాబట్టి గొడవా లేదు" అని ఇంకోసారి.

బోరుబండి తోలే తనకల్లు కొండప్పన్న పోయిన వేసవిలో తిరిగొచ్చి మా ఇంటికి వచ్చినాడు. నేను గుచ్చి గుచ్చి అడిగినా. "మేము బండి తీసుకొని పోయింది నిజమే చెల్లీ. ఆడ ఉన్నింది ఆ టోపీ ఆయప్ప ఒక్కడే. మేము తిరిగొచ్చేసరికి పూడ్చిపెట్టి, పైన రాళ్లు పేర్చి, పక్కన కూర్చోనుండాడు. తల ఎటు పెట్టాల్నో కూడా మసూద్‌ను నమాజులో చూసి నేర్చుకున్నట్టుండాడు, సరిగ్గానే పెట్టినాడు. నోట్లో నీళ్లు పోసినాడో లేదో నేను చూళ్లేదు. చూడనిది చూసినానని చెప్పలేను" అన్నాడు.

నాకు అది చాలు. మా అత్తకు చాలలేదు. "పేరు కూడా తెలీనోడు నా కొడుక్కు దిక్కా?" అనింది. ఫోటో చూపించినా. ఆమె కండ్లకు ఏమీ ఆనలా. గోరంత నీడ. అందుకే మామా నేను పెద్ద పటం రాయమని అడిగింది. ఆమె చూడాలని. ముందే నీకు ఇదంతా రాసుంటే సరిపోయేది. రాస్తే నువ్వు కూడా అత్త మాదిరే అంటావేమోనని భయపడినా.

నువ్వు టోపీ తీసేసి ఆయప్ప భుజాలు పెట్టినావు. ఇప్పుడు ఆ నేలమింద ఆయప్ప ఒక్కడే ఉండాడు. మా అత్త దినామూ ఏడ్చేదాన్నే నువ్వు బొమ్మ రాసిచ్చినావు.

ఇది ఉంచుకోవాలని నాకూ ఉండాది. ఉంచుకోను. పంపుతాండా.

రుక్సానా


హిందూపురం,
మార్చి 25, 2007.

అమ్మా,

అది టోపీ అని నాకు ఫోటో చూసినప్పుడే అనిపించింది. మసూద్ టోపీ పెట్టడని కూడా తెలుసు. అయినా చెయ్యి వాని భుజాలే రాసింది. ఆడ ఇంకొకరు ఎవరైనా ఉండొచ్చునని నాకు తోచలేదు. ఒక్కణ్ణే ఉండి ఉండి, యాడైనా మనిషి ఒక్కడే ఉంటాడనుకొనే బుద్ధి అయిపోయింది.

గీకేటప్పుడు ఎడమ భుజం దగ్గర చానాసేపు ఆగినాను. తర్వాత గీకేసినాను.

ఇప్పుడు ఫోటోలో ఉండేదే రాసినాను. టోపీ అంచు ఒక పక్క వంగిపోయి ఉంది, అది వంగినట్టే రాసినాను. మోచేతులు రెండూ బయటికి లేచి ఉన్నాయి, కెమెరా పట్టుకున్నాడు గదా. మంచి ఒడ్డూ పొడుగూ ఉండే మనిషి. కాళ్లు ఎడంగా పెట్టి, కదలకుండా నిలబడినాడు. పక్షి ఎగిరిపోకూడదని ఊపిరి బిగపట్టి ఉంటాడు. ముఖం లేని మనిషిని రాసింది ఇదే మొదలు.

ఒక మాట అడగాలి. నేను తీసుకున్న చెక్క ఫోటో కంటే వెడల్పు. కుడి పక్క జానెడు మిగిలింది. మొదట నీలం పూసినాను, రెండోసారి వాని నీడ ధ్యాసలో పడినాను, తెలియలేదు. ఇప్పుడు ఆ జానెడూ నేలే రాసినాను, అదే ఎర్రమట్టి. టోపీ మనిషి ఫోటో తీస్తుంటే పక్కన ఇంకొకరు నిలబడి చూస్తా ఉంటే, ఆ మనిషి నీడ పడేది ఆ జానెడులోనే. నేను ఎవర్నీ పెట్టలేదు. ఉత్త నేల.

అది ఫోటోలో లేనిది. ఉన్నది ఉన్నట్టే కావాలన్నావు. వద్దంటే చెప్పు, రాజశేఖర్ చేతికిచ్చే ముందు రంపంతో కోసేస్తాను.

ఖాజాసాబ్


ధర్మవరం,
ఏప్రిల్ 30, 2007.

మామా,

కోయొద్దని కార్డు రాసినా, అందినట్టుండాది. పటం నిండుగానే వచ్చినాది. పొద్దున ఎండ తగిలే గోడకు పెట్టినా.

మా అత్తను దాని ముందర పీట వేసి కూర్చోబెట్టినా. ముందు పక్షిని చూసింది. "దీనికి ఎవరూ లేరా, ఒక్కటే వచ్చింది" అనింది. వేరేవి కూడా ఉంటాయత్తా, ఫోటోలో పడలేదని చెప్పినా. చెయ్యి చాపి రంగు మింద తడుముకుంటా కిందికి వచ్చింది. నీడ కాళ్ల కాడ మొదలుపెట్టి మోచేతుల దాకా, ఆడ నుంచి టోపీ దాకా తడిమింది. వంగిన అంచు కాడ వేలు నిలిపి, "ఈయప్పేనా?" అనింది. అవునన్నా. కుడిపక్క ఉత్త నేల మింద కూడా చెయ్యి పెట్టింది. నిమిరి, చెయ్యి ఆడే ఉంచింది.

నేను పనికి పోయి వచ్చినా. పొద్దు గూకింది. ఆమె ఇంకా పీట మిందనే ఉండాది. ఏడుపు ఎప్పుడు మొదలు పెడతాదోనని పొయ్యి కాడ కూర్చొని వింటా ఉన్నా. మొదలు పెట్టలా. రొట్టె పెట్టిస్తే తినింది. చెయ్యి కడుక్కొనేటప్పుడు, "ఆ టోపీ పిల్లోనికి పెండ్లాం బిడ్డలు ఉండారా?" అని అడిగింది.

తెలీదని చెప్పినా.

రుక్సానా